చిత్రకొండ జలాశయంలో ఒక పగలు, ఒడ్డున ఒక రాత్రి

పడవకు ఐదుకు ఐదు. ఒడ్డు మీది గుడారాలకు ఐదుకు రెండు. పడవ నడిపే మనిషి వేరు, గుడారాలు నడిపేవారు వేరు. అందుకే విడివిడిగా మార్కులు వేశాను.

ఉగాదికి వారం ముందు మా నాన్నను, ఇద్దరు మనవలను వెంటబెట్టుకుని ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండకు వెళ్ళాను. నాన్నకు ఎనభై నాలుగేళ్ళు. బొబ్బిలి ప్రాంతం నుంచి ఈ ఆనకట్ట పనికి వచ్చిన కూలీల్లో ఆయన ఒకరు. నేను నీటిపారుదల పటాలు గీసే ఉద్యోగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు గడిపి రిటైరయ్యాను. ఆయన రాళ్ళు మోసిన చోట నిలిచిన నీటిని నేను నీలి సిరాతో కాగితం మీద గీసేదాన్ని. ఇద్దరం కలిసి ఆ నీటి మీద తిరగడం మాత్రం ఇదే మొదటిసారి.

పడవ షికారు గంటన్నర, మనిషికి 150 రూపాయలు. పది మంది పట్టే పడవలో ఎనిమిది మందిని ఎక్కించుకుని, తొమ్మిదో మనిషి బతిమాలినా ఎక్కనివ్వలేదు. లైఫ్ జాకెట్లలో పిల్లల కొలతవి రెండు విడిగా ఉన్నాయి. నాన్న నాకెందుకని పక్కన పెట్టబోతే, పడవ నడిపే అతను "తాతా, ఈ పట్టీ బిగిస్తేనే ఇంజను తీస్తాను" అని తానే వంగి బిగించాడు. ఎండు మోడుల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్న చోటుకు చాలా ముందే ఇంజను ఆపేసి తెడ్డు అందుకున్నాడు. ఒక్క పక్షి కూడా లేవలేదు. పిల్లలు అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"వంతెన రాకముందు ఈ పడవలో బియ్యం బస్తాలు, మేకలు, పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు ఎక్కేవారమ్మా. ఇప్పుడు మీరు ఎక్కుతున్నారు" అన్నాడతను. జలాశయం నిండినప్పుడు 151 గ్రామాలకు దారి తెగిపోయింది. లాంచీలు, నాటుపడవలే వాళ్ళకు బస్సులు. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జులై 26న ప్రారంభమయ్యాక గాని ఆ ఊళ్ళకు రోడ్డు దారి రాలేదు. వంతెన మీదుగా బస్సు వెళుతుంటే ఇతనికి సంతోషమే, కాని రేవులో ఎక్కేవాళ్ళు తగ్గారు. షికారుకు వచ్చేవాళ్ళే ఇప్పుడు అతని జీవనం. అందుకే ఇక్కడికి మనుషులు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. నా తగవు రావడం గురించి కాదు, ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు అన్న దాని గురించి.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న చెయ్యి చాచి, "అమ్మాయీ, అదిగో ఆ కొండ ముక్కు కింద సంత జరిగేది. ఉప్పుకు అక్కడికే వెళ్ళేవాళ్ళం" అన్నారు. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. పడవ అతను అడగకుండానే అటువైపు ఒక చుట్టు తిప్పాడు, దానికి అదనంగా డబ్బు అడగలేదు.

ఇక గుడారాలు. పరుపులు శుభ్రంగా ఉన్నాయి. దోమతెరలు చిరుగుల్లేకుండా ఉన్నాయి, పనివాళ్ళు మర్యాదగా మాట్లాడారు. రెండు మార్కులు వాటికి. మిగతా మూడు ఎందుకు తీసేశానో చెప్పాలంటే ముందు ఈ ఒడ్డు సంగతి చెప్పాలి.

సీలేరు నది మీది ఈ జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం సముద్రమట్టానికి 1516 అడుగులు. సీలేరు నీటిని ఒడిశా, ఆంధ్ర చెరి సగం పంచుకుంటాయి. ఒడిశా వాటా సొరంగం గుండా బలిమెల విద్యుత్ కేంద్రానికి వెళుతుంది. ఎనిమిది యూనిట్లు, 510 మెగావాట్లు. ఆంధ్ర వాటా సీలేరు వైపు విద్యుత్ కేంద్రాలకు దిగుతుంది. వాడకం పెరిగి వర్షం లేని నెలల్లో నీరు కిందికి జారుతుంది. 1516 గీతకూ నీటి అంచుకూ మధ్య ఒండ్రు, గులకరాళ్ళ నేల బయటపడుతుంది. అది ప్రజల కోసం సేకరించిన నేల. కొత్తగా చూసేవాళ్ళకు అది ఖాళీగా కనబడుతుంది. గుడారాల మేనేజరు కూడా నాతో అదే మాట అన్నాడు: "స్థలం ఖాళీగానే ఉంది కదా మేడం."

ఖాళీగా లేదు. పొద్దున్నే లేచి చూశాను. ఒక పక్క జాలరులు వలలు పరిచి చిరుగులు కుడుతున్నారు. వాళ్ళ పాత జాగాలో ఇప్పుడు వంటగుడారం ఉంది కాబట్టి రాళ్ళ మీదికి జరిగారు. పశువులు నీళ్ళకు దిగే బాటకు అడ్డంగా తాడు కట్టారు. మా గుడారం మేకుకు పదకొండు అడుగుల దూరంలో, గులకరాళ్ళ మధ్య, మా చిన్న మనవడు నాలుగు గుడ్లు చూశాడు. రాళ్ళలో రాళ్ళలా ఉన్నాయి. తీతువు పిట్ట గూడు కట్టదు, నేల మీద చిన్న పల్లం చేసి పెడుతుంది, అదీ ఎండాకాలంలో, సరిగ్గా ఈ నేల బయటపడే నెలల్లో. రాత్రి పదకొండు దాకా మోగిన పాటల పెట్టెలకు, దీపాలకు అది అల్లాడుతూ మా తలల మీద తిరిగి అరుస్తూనే ఉంది. పిల్లలకు అది దెయ్యపు అరుపులా వినిపించి నా కొంగు పట్టుకున్నారు. దాని బాధేమిటో తెల్లారాక గాని నాకు అర్థం కాలేదు.

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరుగుదొడ్డి. రేకుల గది, దాని కింద గుంట. నీటి అంచుకు దూరంగానే ఉందని వాళ్ళు అనుకుంటున్నారు. కాని పక్కనున్న బండల మీద నీరు నిలిచిన తెల్లటి చార స్పష్టంగా ఉంది. ఆ చార గుంటకు నా భుజమెత్తు పైన ఉంది. జలాశయం నిండితే ఆ గుంట నీళ్ళ అడుగున ఉంటుంది. ఆ నీళ్ళనే ఒడ్డు పల్లెలు తాగుతాయి, ఆ చేపలనే మనం తింటాం. పటం ముందు పెట్టుకున్న ఎవరైనా ఒక్క నిమిషంలో చెప్పగల విషయం ఇది.

అమెరికాలో 1933లో ఏర్పడిన టెన్నెసీ వ్యాలీ అథారిటీ చేతిలో జలాశయాల చుట్టూ సుమారు 2,93,000 ఎకరాల ప్రజల భూమి, 11,000 మైళ్ళ ఒడ్డు ఉన్నాయి. ఆ సంస్థ తన జలాశయాల ఒడ్డును ఏడు తరగతులుగా విడదీస్తుంది. ఆనకట్ట పనులకు కొంత, అరుదైన మొక్కలూ జీవులూ పురాతన అవశేషాలూ ఉన్న సున్నితమైన చోట్లకు కొంత, అడవికీ వన్యప్రాణులకూ కొంత, విడిదులకూ పడవ రేవులకూ కొంత. ముసాయిదాను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి పటం ఒకటి చూసి, రంగులు వేసిన ఆ ఒడ్డును చాలాసేపు తడిమాను. మనం ఒడ్డుకు ఒక్క గీతే గీశాం, ముంపు గీత.

అంత దూరం ఎందుకు? మన చిలికా సరస్సు ఒడ్డున మంగళాజోడి ఊళ్ళో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే ఇప్పుడు ఇంజను లేని పడవలను గడకర్రలతో నడుపుతూ వాటిని చూపించి బతుకుతున్నారు. మనిషి కట్టిన హీరాకుడ్ జలాశయానికి 2021లో రామ్సార్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అన్న గుర్తింపు వచ్చింది. ఆనకట్ట నీరు కాబట్టి పిట్టలు లెక్కలోకి రావు అనే మాట ఇక చెల్లదు.

చిత్రకొండలో చేయవలసింది పెద్దదేమీ కాదు. గుడారాలు, మరుగుదొడ్లు, జనరేటరు 1516 గీతకు పైనున్న గట్టి నేల మీదికి వెళ్ళాలి. రేవు పక్కన కొంత మేర పిల్లలు నీళ్ళలో ఆడుకోవడానికి, విహారానికి వదలాలి. వలలు ఆరేసే చోటు, పశువుల బాట ఎక్కడో జాలరులనూ పల్లెవాళ్ళనూ అడిగి గుర్తులు పాతాలి. గులకరాళ్ళ మేటలోకి ఫాల్గుణం నుంచి వానలు పడేదాకా ఎవరూ దిగకూడదు. ఈ నాలుగు మాటలూ వాళ్ళ రిజిస్టరులో తెలుగులో రాసి, కింద మనవడి చేత ఒడియాలో రాయించాను. మేనేజరు చదివాడు. వంటగుడారం జరుపుతానని మాట ఇచ్చాడు. గుంట గురించి ఏమీ అనలేదు. అది పైకి మారిన రోజున నేనే వచ్చి మార్కులు పెంచుతాను.

భోజనం గుడారంలో చప్పగా ఉంది. కట్ట దిగువన ఒక పెద్దావిడ చేపలు వేయించి పెడుతుంది, చోడి అంబలి కూడా ఉంటుంది. నాన్న రెండు లోటాలు తాగారు.

వెళ్ళదలచినవారు ఉదయం ఆరున్నరకే రేవులో ఉండండి. ఎండ ముదిరితే పక్షులు చెట్లలోకి పోతాయి. చిల్లర నోట్లు ఉంచుకోండి, నాకు ఫోను సిగ్నలు అందక డబ్బు చెల్లించడం కుదరలేదు. గుడారాల నుంచి నీటి అంచుకు నడిచేటప్పుడు ఎడమవైపు గులకరాళ్ళ మీదుగా పోకండి. అక్కడ ఒక వెదురు కర్రకు మా నాన్న తన ఎర్ర తువ్వాలు కట్టి పాతారు. ఆ గుడ్లు దానికి మూడు అడుగుల అవతల ఉన్నాయి.