కిక్ రాడ్ లేని బండితో ఐదేళ్లు

ఈ బండి మైలేజీ ఎంత, సీటు ఎలా ఉంది, బ్రేకులు ఎలా పడతాయి అని నన్ను అడగవద్దు. అవన్నీ బండి వచ్చిన నెలలోనే నలుగురూ రాసేశారు. 2020 నవంబరులో కొన్నాను, ఇప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగాను. నేను చెప్పాలనుకున్నది ఒక్క సంగతే. దీనికి కిక్ రాడ్ లేదు.

కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే అభిమానులు ఒకవైపు, గిట్టనివాళ్లు మరోవైపు చేరి అసలు మాటను పక్కకు నెట్టేస్తారు. పైగా ఇది ఒక్క కంపెనీ చేసిన పని కాదు. 150 సీసీ, ఆ పై బండ్లలో చాలావాటికి ఇప్పుడు కుడికాలి దగ్గర ఆ కడ్డీ కనబడదు. కొనేటప్పుడు అడిగితే షోరూములోని అబ్బాయి, "ఈ రోజుల్లో కిక్ ఎవరు కొడుతున్నారు సార్" అని నవ్వాడు. నేనూ నవ్వేసి చెక్కు రాశాను.

నిజానికి నేను కిక్ కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. నాన్నకు యెజ్డీ ఉండేది. దానికి కిక్కూ గేరూ ఒకటే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పి తంతే బండి అందుకునేది, తర్వాత ముందుకు వాల్చితే అదే గేరు. మేనమామ పాత బుల్లెట్టుది మరో శాస్త్రం. ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా మెల్లగా తొక్కాలి, డీకంప్రెసర్ (ఇంజనులోని ఒత్తిడిని వదిలించే మీట) నొక్కి ఇంకొంచెం దించాలి, అప్పుడు తన్నాలి. తొందరపడితే కడ్డీ ఎదురు తన్నేది. ఆయన కుడి పిక్క మీద మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని చూపించడమంటే ఆయనకు సరదా.

నా సొంత డబ్బుతో కొన్న మొదటి బండి స్ప్లెండర్, 2006లో, హీరో, హోండా ఇంకా కలిసి ఉన్న రోజుల్లో. మీటరు ఒకసారి 99,999 దాటి మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ఒక ఏడు దాని బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే రెండు నెలలు అలాగే తిరిగాను. గొర్రెల మంద అడ్డం వచ్చి హారన్ నొక్కినప్పుడు తప్ప ఆ సంగతే గుర్తుకు రాలేదు. పెట్రోలు ట్యాంకు నుంచి కార్బురేటరులోకి తన బరువుతో తానే దిగుతుంది. ప్లగ్గుకు కావలసిన నిప్పును ఇంజనుతో పాటు తిరిగే మ్యాగ్నెటో, బ్యాటరీ సాయం లేకుండానే, పుట్టిస్తుంది. తన్నడానికి కాలుంటే చాలు.

కొత్త బండి అలా కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కార్బురేటరు పోయి, కరెంటు పంపుతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. తాళం తిప్పగానే ట్యాంకులో నుంచి గుయ్‌మని చిన్న చప్పుడు వస్తుంది, అది పంపు. ఆ చప్పుడు నాకు మొదట్లో భలే నచ్చింది. చలికాలం తెల్లవారుజామున చోక్ లాగే పని లేకుండా ఒక్క నొక్కుతో అందుకునేది. నేను డ్రిప్ పరికరాల మనిషిని, నాగర్‌కర్నూల్ జిల్లాలో రైతుల పొలాల చుట్టూ తిరగడమే ఉద్యోగం. రోజుకు పది చోట్ల ఆపి పది సార్లు స్టార్ట్ చేయాలి. మూడేళ్లకు పైగా ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎవరు అడిగినా కళ్లు మూసుకుని తీసుకోమని చెప్పేవాణ్ణి.

2024 మార్చిలో, శివరాత్రి జనం తగ్గాక, నేనూ మా ఆవిడా శ్రీశైలం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో దోమలపెంట దాటి అడవిలో పడేసరికి పొద్దు వాలుతోంది. వటవర్లపల్లి దగ్గర టీ కోసం ఆగాం. పావుగంట అయి ఉంటుంది. వచ్చి తాళం తిప్పితే గుయ్‌మనే చప్పుడు లేదు. సెల్ఫ్ నొక్కితే టక్ టక్ టక్ అని బల్లి అరిచినట్టు శబ్దం, మీటరులోని అంకెలు వెలిగి ఆరిపోయాయి. నా కుడికాలు దానంతటదే వెనక్కి వెళ్లి కడ్డీ కోసం గాలిలో వెతికింది. ఆ క్షణాన అక్కడ ఏమీ తగలకపోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

రోడ్డు కాస్త పల్లంగా ఉంది. రెండో గేరులో పెట్టి, టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లు తోస్తే క్లచ్ వదిలాను. వెనక చక్రం కీచుమంది, ఇంజను రెండుసార్లు ఎగిరింది, అంతే. మళ్లీ తోశారు. మూడోసారికి వాళ్లకు ఆయాసం, నాకు సిగ్గు. ఫోనుకు సిగ్నల్ లేదు. దారిలో మన్ననూరు దగ్గరి అటవీశాఖ గేటు రాత్రి తొమ్మిదికి వేసేస్తారు, మళ్లీ తెల్లవారి ఆరుకే. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతేనే నాకు భయం.

టీ కొట్టాయన అప్పటిదాకా పొయ్యి దగ్గరే ఉండి అంతా చూస్తున్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మీ బండిది ఎన్ని వోల్టులు సార్?" అన్నాడు. పన్నెండు అన్నాను. "మాదీ పన్నెండే" అంటూ కొట్టు లోపలికి తీసుకెళ్లాడు. కప్పు మీద సోలార్ పలక, కింద బల్ల కింద దాని బ్యాటరీ, దాంతో వెలిగే రెండు బల్బులు. బల్బులు ఆర్పి, బ్యాటరీని ఎత్తుకొచ్చి బండి పక్కన పెట్టాడు. పంపుసెట్టుకు వాడే లావుపాటి తీగ ముక్కలు రెండు తెచ్చాడు. నేను పక్క మూత విప్పాను. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. తాళం తిప్పగానే గుయ్‌మంది. గుడిలో గంట విన్నప్పుడు కూడా నాకు అంత భక్తి కలగలేదు. సెల్ఫ్ నొక్కగానే ఇంజను అందుకుంది. "ఇంక అచ్చంపేట దాకా ఆపకండి" అన్నాడాయన. డబ్బు ఇవ్వబోతే రెండు టీల డబ్బు మాత్రం తీసుకున్నాడు. గేటు దాటేసరికి ఎనిమిదిన్నర.

మర్నాడు మా ఊరి షెడ్డులో మెకానిక్ మీటరు పెట్టి చూసి బ్యాటరీ పని అయిపోయిందన్నాడు. అంతకు ఇరవై రోజుల ముందే సర్వీసింగు చేయించాను. ఆ సర్వీసు కేంద్రం కాగితం మీద బ్యాటరీ ఎదురుగా టిక్కు ఉంది. ఏం చూసి పెట్టారో వాళ్లకే తెలియాలి.

అయితే ఇక్కడ నా వైపు లెక్క కూడా చెప్పాలి. మొదటిది, అది బండితో వచ్చిన బ్యాటరీయే, మూడేళ్ల నాలుగు నెలలది. రెండోది, ఫాగ్ లైట్లు రెండు నేనే బిగించుకున్నాను, తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించి. టీ తాగిన పావుగంటా అవి వెలుగుతూనే ఉన్నాయట. మా ఆవిడ ఇంటికి వచ్చాక చెప్పింది. అప్పుడే చెప్పవచ్చు కదా అంటే, కావాలనే వేసి ఉంచారనుకున్నాను అంది. మూడోది నాకు మింగుడుపడనిది. కిక్ రాడ్ ఉంటే స్టార్టయ్యేదా అని అడిగితే మెకానిక్, "పంపు తిరగకపోతే కిక్ కొట్టి ఏం లాభం సార్, తోసినా అందుకోలేదంటున్నారు కదా" అన్నాడు. బుర్ర ఒప్పుకుంది. కాలు ఒప్పుకోలేదు.

స్ప్లెండర్‌ను కూడా మరీ ఆకాశానికి ఎత్తనక్కరలేదు. బండి నెమ్మదిస్తే హెడ్‌లైటు వెలుగు తగ్గిపోతుంది, రాత్రి గతుకుల్లో అదో పరీక్ష. ఇద్దరం ఎక్కి ఘాటు ఎక్కాలంటే దాన్ని బతిమాలాలి. నాకు యాభై దగ్గరపడింది, చలిలో నాలుగైదు తన్నులు తంతే మోకాలు పలుకుతోంది. మన్ననూరు ఘాటులో మలుపు దగ్గర బ్రేకు వేసినప్పుడు నాకు నమ్మకం కొత్త బండి మీదే.

అందువల్ల అమ్మే ఆలోచన లేదు. పట్టణంలో తిరిగేవాళ్లకు, వీధి చివరే మెకానిక్ ఉన్నవాళ్లకు నా గోల చాదస్తంలా కనిపించవచ్చు. నాలాగా సిగ్నల్ లేని దారుల్లో తిరిగేవాళ్లయితే మూడేళ్లు నిండగానే బ్యాటరీ మార్చేయండి, దానికి నేను పెట్టిన ఖర్చు రెండు వేల లోపే. ఫాగ్ లైట్లకు తాళం ద్వారా కరెంటు వచ్చేలా రిలే పెట్టించాను. సీటు కింద రెండు తీగలు ఎప్పుడూ ఉంటాయి. హ్యాండిల్ దగ్గర చిన్న వోల్టు మీటరు కూడా బిగించాను. పొద్దున ఇంజను వేయకముందు అది పన్నెండున్నరకు తక్కువ చూపిస్తే, ఆ రోజుకు స్ప్లెండర్ తాళంచెవి తీసుకుంటాను.