విదేశీ క్లాసుతో వీడియో కాల్: తిరుపతి బడులకు గూగుల్ మీటా, జూమా?

ముందే తీర్పు చెప్పేస్తే, మాటలకు గూగుల్ మీట్, పాటలకు జూమ్. రెండింటి ఉచిత ప్లాన్లూ ఈ పనికి సరిపోతాయి. పిల్లల పేరు మీద ఒక్క అకౌంటు కూడా తెరవక్కర్లేదు. టీచరు అకౌంటుతో ఒక ల్యాప్‌టాప్, దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించడానికి ఒక పెద్ద తెర ఉంటే చాలు. నాడు-నేడు కింద 2023 నుంచి ప్రభుత్వ హైస్కూళ్లకు ఐఎఫ్‌పీలు (పెద్ద టచ్ తెర ప్యానెళ్లు) రావడంతో తెర కోసం వెతుక్కునే బాధ చాలాచోట్ల తీరింది. ప్యానెల్‌లోని ఆండ్రాయిడ్‌లోనే యాప్ వేసి కాల్ చేయొచ్చు కదా అనిపిస్తుంది. చేయొచ్చు గానీ, ఏ మైకు వాడాలి, ఏ స్పీకరు వాడాలి అని ఎంచుకునే వీలు ల్యాప్‌టాప్‌లో ఉన్నంతగా అక్కడ ఉండదు. ప్యానెల్‌ను తెరగా మాత్రమే వాడుకోండి.

స్కైప్ 2025 మేలో మూతపడింది. వీడియో సందేశాల యాప్ మైక్రోసాఫ్ట్ ఫ్లిప్ విడిగా దొరకడం 2024లోనే ఆగిపోయింది. పాత ట్రైనింగ్ పీపీటీల్లో ఈ రెండు పేర్లూ ఇంకా తిరుగుతుంటాయి. వాటి కోసం వెతికి టైం పాడుచేసుకోవద్దు.

మీట్‌కి మా ఓటు పడటానికి మొదటి కారణం సమయం. మామూలు జీమెయిల్ అకౌంటుతో ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది చేరిన కాల్‌కు 60 నిమిషాలే పరిమితి. ఇద్దరే ఉన్న కాల్‌కు 24 గంటలు. ఇక్కడ ఇద్దరు అంటే రెండు డివైసులని లెక్క. మన క్లాసులో నలభై మంది ఉన్నా, అవతల ముప్పై మంది ఉన్నా, ఇటొక ల్యాప్‌టాప్ అటొక ల్యాప్‌టాప్ అయితే మీట్ దాన్ని ఇద్దరి కాల్‌గానే చూస్తుంది. హెచ్‌ఎం గారు తన గదిలోంచి ఫోన్‌లో చేరితే మాత్రం మూడో డివైసు అయిపోతుంది, 60 నిమిషాల లెక్క మొదలవుతుంది. చూడాలనుంటే ఆయన్నే క్లాసుకు రమ్మనడం మేలు. జూమ్ ఉచిత ప్లాన్‌లో ఈ వెసులుబాటు లేదు, ఇద్దరున్నా సరే 40 నిమిషాలకు కాల్ తెగిపోతుంది. ఒక పీరియడ్‌లో పలకరింపులకూ సర్దుబాట్లకూ పది నిమిషాలు పోగా మిగిలేది అరగంట, అదీ మనం కంగారు పడకపోతే.

ఇలాంటి కాల్స్‌ను చెడగొట్టేది దాదాపు ఎప్పుడూ శబ్దమే, బొమ్మ కాదు. అందుకే కొత్త వెబ్‌క్యామ్‌కి పెట్టే డబ్బు మైకుకి పెట్టండి. ల్యాప్‌టాప్ మైకును దాని ఎదుటే కూర్చున్న మనిషి కోసం తయారుచేశారు. దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. రెండడుగుల దగ్గర బాగా వినిపించే గొంతు పదహారడుగుల దూరంలోని చివరి బెంచీ నుంచి వచ్చేసరికి 18 డెసిబెల్స్ పడిపోతుంది. గోడల మీంచి తిరిగొచ్చే శబ్దం కొంత కలిసినా, అది మాటను ముద్ద చేస్తుందే తప్ప అక్షరం తేటపడనివ్వదు. సీలింగ్ ఫ్యాన్ల మోత మాత్రం తగ్గేదే లేదు. యూఎస్‌బీతో తగిలించే కాన్ఫరెన్స్ స్పీకర్‌ఫోన్ ఒకటి కొని ముందు టేబుల్ మీద పెట్టండి. కెమెరాకు మూడు నాలుగడుగుల ఎదురుగా నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. మాట్లాడేవాళ్లు లేచొచ్చి ఆ గీత మీద నిలబడాలి, తర్వాతి ఇద్దరు పక్కన సిద్ధంగా ఉండాలి. గీత వెనక కిటికీ లేకుండా చూసుకోండి. తిరుపతి ఎండకు పిల్లల ముఖాలు నల్లటి నీడల్లా కనిపిస్తాయి.

"మా గొంతే మాకు తిరిగి వినిపిస్తోంది" అని అవతలివాళ్లు అంటే లోపం వాళ్ల దగ్గర వెతకొద్దు, అది మన గదిలోనే ఉంది. మన స్పీకర్లోంచి వచ్చిన వాళ్ల మాటను మన మైకు మళ్లీ పట్టి పంపుతోంది. హెచ్‌డీఎంఐ తగిలించగానే ల్యాప్‌టాప్ చాలాసార్లు తనంతట తానే శబ్దాన్ని ప్యానెల్ స్పీకర్లకు మళ్లిస్తుంది. మైకు ఒకచోట, స్పీకరు ఇంకోచోట అయితే ఎకో తీసే సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. మీట్ సెట్టింగ్స్‌లో ఆడియోకి వెళ్లి మైకు, స్పీకరు రెండింటికీ ఆ స్పీకర్‌ఫోన్‌నే ఎంచుకోండి, ప్యానెల్ వాల్యూమ్ సున్నా చేయండి. స్కూలు వార్షికోత్సవానికి కొన్న బ్లూటూత్ స్పీకర్ పెద్దగా మోగుతుందని దాన్ని తెస్తుంటారు. అది శబ్దాన్ని ఆలస్యంగా వినిపిస్తుంది కాబట్టి ఎకో ఇంకా ముదురుతుంది. వద్దు.

ఇక పాట సంగతి. తిరుపతి పిల్లలు అవతలివాళ్లకు ఏదైనా వినిపించమంటే అన్నమయ్య కీర్తనే ఎత్తుకుంటారు, అందులో అనుమానం లేదు. సరిగ్గా అక్కడే ఈ యాప్‌లు దెబ్బతీస్తాయి. ఆగకుండా ఒకే తీరున సాగే శబ్దాన్ని రణగొణగా లెక్కగట్టి తుడిచేయడం నాయిస్ సప్రెషన్ పని. ఫ్యాన్ మోతా అలాంటిదే, తంబూరా శ్రుతీ అలాంటిదే. దాంతో శ్రుతి మాయమవుతుంది, మృదంగం దెబ్బలు సగం ఎగిరిపోతాయి, గాత్రం తేలుతూ మునుగుతూ వినిపిస్తుంది. మన గదిలో అంతా చక్కగానే వినబడుతుంది కాబట్టి జరిగింది మనకు తెలియదు, అవతలివాళ్లు మర్యాదకు చప్పట్లు కొడతారు. జూమ్‌లో దీనికి మందుంది. ఆడియో సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ ఎంచుకోవాలి. కాల్‌లోకి వెళ్లాక తెర మీద కనిపించే ఒరిజినల్ సౌండ్ బటన్ కూడా నొక్కాలి, చాలామంది మరిచిపోయేది ఈ రెండోదే. అది పనిచేస్తున్నంతసేపు ఫ్యాన్ మోత కూడా యథాతథంగా వెళ్తుంది. పాట ఉన్న నాలుగైదు నిమిషాలు ఫ్యాన్లు కట్టేసి, అయ్యాక బటన్ ఆపేసి మాటల్లో పడండి.

రెండు దేశాల పిల్లలూ కలిసి ఒకే పాట పాడితే బాగుంటుందని ప్రతి టీచరుకీ అనిపిస్తుంది. కుదరదు. శబ్దం ఖండాలు దాటి వెళ్లడానికి పట్టే ఆలస్యం మాటలకు అడ్డుకాదు గానీ తాళాన్ని బతకనివ్వదు. ఒక పక్క మైకు మూసి, అవతలివాళ్ల పాటతో కలిసి పాడుకోవచ్చు. మాటల్లోనూ ఎదుటివాళ్లు ఆపాక ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టి మొదలుపెట్టమని పిల్లలకు ముందే నేర్పండి, లేకపోతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోతారు.

నెట్ విషయంలో భయపడాల్సినంత లేదు. ఇద్దరి కాల్‌లో 720పీ బొమ్మకు పోను 1.2 ఎంబీపీఎస్, రాను 1.2 కావాలని జూమ్ చెబుతుంది. 45 నిమిషాలకు లెక్కేస్తే సుమారు 800 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా గట్టెక్కొచ్చు, పొద్దున్నే ఎవరూ రీల్స్ చూసి ఉండకపోతే. సిగ్నల్ బలహీనమైతే మీట్ వీడియో సెట్టింగ్స్‌లో పంపే రిజల్యూషన్‌ను 360పీకి దించండి, ముందు కుదుటపడేది శబ్దమే. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ ఆదుకుంటుంది, ఆగేది వైఫై. రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపినా, ఫైబర్ వైరు వచ్చి చేరే చిన్న డబ్బా విడిగా ఉంటే దాన్ని మామూలు ప్లగ్‌లోనే వదిలేస్తుంటారు. రెండూ ఇన్వర్టర్ మీదే ఉండాలి. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ నాడు, మొబైల్ నెట్ మీద నమ్మకం పెట్టుకుని కాల్ ఒప్పుకోకండి.

వేళలు కుదరడం దేశాన్ని బట్టి ఉంటుంది. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు, మన ఉదయం 9.30 వాళ్లకు మధ్యాహ్నం 1. కెన్యా రెండున్నర గంటలు వెనక, మన 11.30 వాళ్లకు 9. ఈ రెండు దేశాలూ గడియారం మార్చవు కాబట్టి ఏడాదంతా ఒకే లెక్క. బ్రిటన్‌తోనే చిక్కు. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారం జరుపుతారు. మన మధ్యాహ్నం 3 గంటలు వేసవిలో వాళ్లకు 10.30, చలికాలంలో 9.30. నవంబరులో పిల్లలందరినీ కూర్చోబెట్టి గంట ముందే లింక్ తెరిచి ఎదురుచూసే పరిస్థితి ఇలాగే వస్తుంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక బ్రిటన్ కాల్ ఎలాగూ పొసగదు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. ఇళ్లకు వెళ్లే పిల్లలతో అయ్యేది కాదు. పిల్లలు అక్కడే ఉండి చదివే గురుకులాలు, కేజీబీవీల్లో సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది కాబట్టి వాళ్లకు ఇది వరం.

అవతలి క్లాసును వెతకడానికి 1988లో మొదలైన ఐఎర్న్ వంటి టీచర్ల నెట్‌వర్క్‌లు ఉన్నాయి. ఈట్విన్నింగ్ పేరు తరచూ వినిపిస్తుంది గానీ, అది యూరప్, దాని ఇరుగుపొరుగు దేశాల బడులకు, మనకు వర్తించదు. మొదటి కాల్‌కు "మీ దేశమేది" ఆట మంచి ఎంపిక. పేరు చెప్పకుండా అవును, కాదు జవాబులతోనే ఒకరి దేశం ఒకరు కనిపెట్టాలి. ఇద్దరు అట్లాస్ దగ్గర, ఇద్దరు జవాబులు బోర్డు మీద రాస్తూ, మిగతావాళ్లు ప్రశ్నలు ఆలోచిస్తూ ఉంటే ఎవరూ ఖాళీగా కూర్చోరు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ముందే తెలుగులో ఒక కాగితం ఇంటికి పంపి సంతకం తీసుకోండి. తెర మీద "7వ తరగతి, తిరుపతి" అని మాత్రమే కనిపించేలా అకౌంటు పేరు పెట్టండి. రికార్డింగ్ వద్దు. లింక్‌ను పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో వేయొద్దు.

కాల్ కుదరని వారాలకు గూగుల్ స్లైడ్స్ ఉంది. జంటకొక స్లైడ్ ఇచ్చి, మధ్యాహ్న భోజనం ఫొటో, స్కూలుకొచ్చే దారి ఫొటో, నాలుగు వాక్యాలు పెట్టమనండి. లింక్ ఉన్న ఎవరైనా మార్చొచ్చు అన్న ఆప్షన్ ఇవ్వకుండా, అవతలి టీచరు మెయిల్‌కు మాత్రమే ఎడిట్ హక్కు ఇవ్వండి. ఎవరో ఒకరు పక్క జంట స్లైడ్‌ను చెరిపేయడం ఖాయం. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిచి, చెరిపేయకముందున్న ప్రతిని ఎంచుకుంటే స్లైడ్ తిరిగొస్తుంది. కాకపోతే ఆ తర్వాత మిగతా జంటలు చేసిన మార్పులు కూడా వెనక్కి పోతాయి కాబట్టి, పాత ప్రతిని విడిగా కాపీ చేసి, అందులోంచి ఆ ఒక్క స్లైడ్‌నే తెచ్చి అతికించండి.