కృత్రిమ లాలాజలంతో మూడేళ్లు

గాంధీరోడ్డులో చీరల కొట్టు నాది. నోరు ఆడితేనే బేరం. గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నాక ఆ నోరే ఎండిపోయింది. చెవుల ముందు, దవడ కింద ఉండే లాలాజల గ్రంథులు కిరణాలకు దెబ్బతిన్నాయి. మామూలుగా రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరాల్సిన ఉమ్మి, నాకు పెదవులు తడిసేంత కూడా లేదు.

ముందు పిలోకార్పిన్ మాత్రలిచ్చారు. అవి గ్రంథుల్ని తట్టి లేపుతాయి. లేవడానికి గ్రంథి మిగిలుండాలి కదా! నాకు చెమటలు పట్టడం తప్ప ఒరిగిందేమీ లేదు. మే నెల తిరుపతిలో ఇంకా చెమటలా?

తర్వాత కృత్రిమ లాలాజలం, స్ప్రే రూపంలో. అందులో ఉండేది కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి వేసేదే. కొట్టుకోగానే నోటినిండా పలచటి గంజి పూసినట్టుంటుంది. పావుగంట హాయి, అరగంటకి మళ్లీ మొదటికే. మోసపోయాననుకున్నాను కానీ, అది చేసే పని అంతే. తలుపు బందుకి నూనె వేసినట్టు జారుడు ఇస్తుంది, ఉమ్మి చేసే మిగతా పనులు చేయదు.

మధ్యలో నిమ్మ రుచిది ఇంకోటి కొని, పుల్లగా బాగుందని ఆర్నెల్లు వాడాను. పళ్లు జివ్వుమన్నాయి, రెండు పుచ్చాయి. పళ్ల డాక్టరు సీసా తిప్పి చూసి, "సొంత పళ్లున్నవాళ్లు పుల్లటివి వాడకూడదు సార్. పులుపు పెరిగి పీహెచ్ 5.5 కంటే దిగితే పంటి పైపొర ఎనామెల్ కరుగుతుంది, మీకు కడిగేసే ఉమ్మి కూడా లేదు" అన్నారు. తోతాపురి ముక్కలకి ఉప్పుకారం అద్దుకుని తినడం కూడా ఆ రోజే మానేశాను. స్ప్రే పోతే పోయింది, అది మాత్రం ఇప్పటికీ బాధే.

నిజంగా మేలు చేసింది రాత్రి జెల్. శనగగింజంత తీసుకుని నాలుకకి, బుగ్గల లోపలికి రాసుకుంటే మూడు గంటలు నిద్ర పడుతుంది. అంతకుముందు గంటకోసారి లేచి చెంబు ఎత్తేవాణ్ణి.

తిండి దగ్గర మాత్రం ఏ సీసా పనికిరాలేదు. స్ప్రే కొట్టుకుని తింటే జిగురు కలిపిన అన్నమే. సంగటి పులుసులో ముంచి మింగడమే దారి. ఇంకో గరిటె పొయ్యనా అని మా ఆవిడ అడగదు, పోసేస్తుంది. కొండ లడ్డూ అయితే చిదిపి గోరువెచ్చటి పాలల్లో నానబెట్టాలి.

2023లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు స్పాంజిలా నీటిని పట్టి ఉంచే కొత్త రకం కృత్రిమ లాలాజలం తయారుచేశారు. పాల ప్రోటీనుతో ఒకటి, ఉర్లగడ్డ ప్రోటీనుతో ఇంకోటి. కృత్రిమ నాలుక మీద పరీక్షిస్తే అంగట్లో దొరికేవి 23 నుంచి 58 శాతం దాకా ఊడిపోతే, ఇది 7 శాతమే పోయిందట. ల్యాబులో లెక్కే అనుకోండి. కానీ నా గోలంతా నోట్లో నిలవకపోవడం గురించే కాబట్టి ఆ 7 మీదే నా కన్ను.

అది చేతికొచ్చేదాకా గల్లాపెట్టె పక్కన పాత స్ప్రేనే ఉంటుంది. గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు కాగానే రెండుసార్లు కొట్టుకుని, "రాండమ్మా" అంటాను.