ఇత్తడి టీ, పెన్ను స్ప్రింగు: నా బూస్ట్ కంట్రోలర్‌తో ఆరేళ్లు

2018లో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, మా వంటగది బల్ల మీద ఈ బూస్ట్ కంట్రోలర్‌ని బిగించాను. బూస్ట్ అంటే టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి; దాన్ని పెంచడానికీ తగ్గించడానికీ ఇది. ఇత్తడి టీ (ఇంగ్లిషు T ఆకారంలో ఉండే పైపు ముక్క) ఒకటి, గొట్టం తగిలించే ముక్కులు రెండు, చిన్న స్టీలు బంతి, స్ప్రింగు, బోల్టు, నట్టు. అన్నీ కలిపి పదమూడు డాలర్లు. 2024 దాకా వారానికి మూడు నాలుగు రోజులు నడిపిన కారులో ఇదే ఉంది. ఇంతకాలం వాడాక మంచీ చెడూ రెండూ చెప్పగలను.

కారు 1997 మిత్సుబిషి ఎక్లిప్స్ జీఎస్ఎక్స్. ఇల్లినాయ్‌లోని నార్మల్ అనే ఊళ్లో తయారైన బండి, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది. 4జీ63 ఇంజిను, రెండు లీటర్లు, గారెట్ టీ25 టర్బో, కంపెనీ లెక్కలో 210 హార్స్‌పవర్. టర్బో చిన్నది కాబట్టి త్వరగా లేస్తుంది, ఇంజిను వేగం పెరిగాక త్వరగా అలిసిపోతుంది.

టర్బో గాలి హద్దు మీరకుండా, ఎగ్జాస్ట్‌లో కొంత పక్కదారిన పోనిచ్చే తలుపే వేస్ట్‌గేట్. దాన్ని తెరిచే డబ్బాకి టర్బో నుంచే ఒక సన్న గొట్టం వెళ్తుంది. ఆ గొట్టం మధ్యలో మన టీ పెడతాం. కింది ముక్కు రంధ్రం మీద బంతి కూర్చుంటుంది, దాన్ని పైనుంచి స్ప్రింగు నొక్కుతుంది. గాలి ఒత్తిడి స్ప్రింగుని గెలిచేదాకా వేస్ట్‌గేట్‌కి కబురే అందదు. బోల్టు బిగిస్తే బూస్ట్ పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. పని అంతే.

స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలో తెలియక మొదట చాలా బలమైనది కొన్నాను. తర్వాత లెక్క వేస్తే నవ్వొచ్చింది. నా ముక్కు రంధ్రం వ్యాసం 4.8 మిల్లీమీటర్లు. 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి కొలత) దగ్గర బంతిని గాలి తోసే బలం 190 గ్రాముల బరువుకి సమానం, ఒక పెద్ద జామకాయంత. దానికి బాల్‌పెన్ను స్ప్రింగు చాలు. పెన్ను విప్పి అదే పెట్టాను.

బంతి సరిగ్గా కూర్చోవడానికి ముక్కు అంచుని కాస్త పెద్ద డ్రిల్ బిట్‌తో చేత్తోనే తిప్పి ఏటవాలుగా చేశాను. బంతిని దాని మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ, మెల్లగా. ఇత్తడి మెత్తన కదా, సన్నని వెండిగీత లాంటి గుండ్రటి అచ్చు పడుతుంది. అది తెగకుండా పూర్తి చుట్టుగా ఉందో లేదో బల్బు వెలుతురులో చూసుకోవాలి. తర్వాత సైకిల్ పంపు, గేజ్ తగిలించి ఎంత దగ్గర బంతి లేస్తుందో చూస్తూ కూర్చున్నాను. రాత్రి పదకొండయింది. "ఆ బుసబుసలకి పిల్ల లేస్తుందండీ, గరాజ్‌లోకి పోండి" అంది మా ఆవిడ. తప్పలేదు.

కారులో పెట్టిన మొదటి రోజే దెబ్బ తిన్నాను. మొదటి గేర్‌లో బాగానే లేచింది. గేర్ మార్చి మళ్లీ తొక్కితే ఊపే లేదు. కారణం నా మతిమరుపే. కాలు తీశాక బంతి మూసుకుపోతుంది, వేస్ట్‌గేట్ డబ్బాలో చేరిన గాలికి బయటికి దారి ఉండదు. తలుపు తెరిచే ఉండిపోతుంది. ఆ గాలి కారిపోవడానికి వేస్ట్‌గేట్ వైపు ముక్కుకి సన్నని బెజ్జం వేయాలి, ఒక మిల్లీమీటరు చాలు. వేయబోతే బిట్టు విరిగి ఇత్తడిలోనే ఉండిపోయింది. కొత్త టీకి ఆవేశపడి పెద్ద బిట్‌తో కొట్టేశాను. దాంతో బోల్టు పూర్తిగా వదులు చేసినా బూస్ట్ 13 పీఎస్ఐ దాటింది, ఎందుకంటే వేస్ట్‌గేట్‌కి చేరాల్సిన గాలి సగం అక్కడే కారిపోతోంది. మూడో టీకి కుదిరింది. ఇది చేయాలనుకునే వాళ్లు మిగతాదంతా మరిచిపోయినా ఈ బెజ్జాన్ని మాత్రం మరవొద్దు.

ఇంకో సంగతి. ఈ కారు డాష్‌బోర్డులో బూస్ట్ గేజ్ ఉంటుంది కానీ అది నిజంగా ఒత్తిడిని కొలవదు, కంప్యూటర్ లెక్కగట్టిన అంకెని చూపిస్తుంది. దాన్ని నమ్మి బోల్టు తిప్పడమంటే కళ్లు మూసుకుని నడవడమే. గొట్టంతో పనిచేసే నిజమైన గేజ్ వేశాను, గాలి-పెట్రోలు నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ కూడా. పూర్తిగా తొక్కినప్పుడు అది 11, 11.5 మధ్య ఉంటే నాకు నిద్ర పడుతుంది. ఆ రెండింటికీ అయిన ఖర్చు ముందు పదమూడు డాలర్లు చిల్లర. "పదమూడు డాలర్లకే బూస్ట్" అని ఎవరైనా చెప్తే ఈ ఖర్చు మింగేశారని అర్థం. స్పార్క్ ప్లగ్గులు కూడా బీపీఆర్6ఈఎస్ రకం తీసి ఒక మెట్టు చల్లనివి, బీపీఆర్7ఈఎస్, గ్యాప్ తగ్గించి పెట్టాను. పెట్రోలు ఎప్పుడూ 93 ఆక్టేనే.

బోల్టు పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టి, పావు చుట్టు చొప్పున బిగిస్తూ, మూడో గేర్‌లో ర్యాంపు మీద చూసుకుంటూ, 14 దగ్గర ఆగాను. నిజంగా నచ్చింది ఆ 14 కాదు. ఫ్యాక్టరీ ఏర్పాటులో వేస్ట్‌గేట్ ముందునుంచే కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. ఇక్కడ బంతి లేచేదాకా తలుపు గట్టిగా మూసే ఉంటుంది, కాబట్టి టర్బో చాలా ముందే అందుకుంటుంది. 3,000 ఆర్‌పీఎం దాటేలోపు వీపు సీటుకి అతుక్కుంటుంది. రోజూ నడిపేవాడికి పనికొచ్చేది అదే. 16కి పెంచి చూశాను. పైన వేడి గాలి తప్ప ఏమీ రాలేదు, 6,000 దగ్గరికి వచ్చేసరికి సూది తనంతట తానే దిగిపోయింది.

ఆ 16 కథ ఆగస్టు ఎండల్లో. జనవరిలో ఒక చలి పొద్దున అదే సెట్టింగుతో తొక్కితే గోడకి గుద్దినట్టు కారు ఒక్కసారి ఆగి కదిలింది. ఫ్యూయల్ కట్. చల్లగాలి చిక్కగా ఉంటుంది. గేజ్‌లో అంకె అదే అయినా ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎక్కువ, కంప్యూటర్ దాన్ని కొలిచి పెట్రోలు ఆపేస్తుంది. స్ప్రింగుకి చలీ ఎండా తెలియవు. ఈ పరికరం అసలు లోపం ఇదే, దీనికి మందు లేదు. 14కి దిగడం తప్ప.

చిన్న తలనొప్పులు చాలానే వచ్చాయి. పెన్ను స్ప్రింగు ఎనిమిది నెలలకే ఇంజిను వేడికి మెత్తబడి బూస్ట్ 12కి జారింది; స్టెయిన్‌లెస్ స్ప్రింగు తెచ్చి కత్తిరించి పెట్టాను. మామూలు బేరింగ్ బంతికి తుప్పు పట్టి ముక్కు అంచుకి అంటుకుంది, అదీ స్టెయిన్‌లెస్‌కి మారింది. భయపెట్టింది మాత్రం మూడో వేసవి. టర్బో వైపు గొట్టం ఎండకి, వేడికి పగిలి ఊడింది. వేస్ట్‌గేట్‌కి గాలి అందకపోతే అది తెరుచుకోదు, బూస్ట్‌కి హద్దే ఉండదు. సూది 18 దాటడం కనబడింది, కాలు తీసేలోపే ఫ్యూయల్ కట్ కాపాడింది. అంతకుముందు తిట్టుకున్నది దాన్నే. ఇప్పుడు సిలికాన్ గొట్టం, రెండు వైపులా క్లిప్పులు. బోల్టుకి నట్టు బిగించి పక్కన తెల్ల పెయింటుతో గీత కూడా పెట్టాను, కదిలితే తెలిసిపోతుంది.

గుంటూరులో మా తమ్ముడు తన కొత్త టర్బో పెట్రోలు కారుకి ఇలాంటిదే చేసి పంపమన్నాడు. వద్దురా అన్నాను. వాడి కారులో బూస్ట్ ఎంత ఉండాలో కంప్యూటర్ నిర్ణయించి, తేడా వస్తే పవర్ కోసేస్తుంది. మధ్యలో ఇత్తడి టీ దూరిస్తే బండి ముక్కుతూ ఇంటికొస్తుంది. ఈ పద్ధతి 1990ల కార్లకే. వాటిలోనూ పాత సొలెనాయిడ్‌కి (బూస్ట్ కోసం ఫ్యాక్టరీ పెట్టిన, కరెంటుతో పనిచేసే వాల్వుకి) కనెక్టర్ తగిలించే ఉంచాలి, లేకపోతే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది.

నవంబరులో ఒకసారి మొత్తం విప్పాను. బంతి మీద గీత లేదు, ముక్కు అంచు మీది అచ్చు మొదటిరోజులాగే గుండ్రంగా ఉంది. బెజ్జం మాత్రం నూనె జిడ్డుతో సగం పూడింది. ఈ మధ్య గేర్ మార్చాక ఎందుకు నెమ్మదిగా లేస్తోందా అనుకుంటున్నాను. మా ఆవిడ కుట్టుసూది అడిగి తెచ్చుకుని జిడ్డు తీసేశాను.