యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు: 4 స్టార్లు

థీసిస్ బైండింగుకి ఈ షాపుకి పేరు. నేను మాత్రం నా ప్రమోషన్ ఫైలు పట్టుకుని వెళ్లాను. అసోసియేట్ ప్రొఫెసర్‌కి సీఏఎస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, అంటే టీచర్ల ప్రమోషన్ పథకం) దరఖాస్తు, నాలుగు సెట్లు, ఒక్కోటీ రెండొందల పేజీల పైమాటే.

ప్రమోషన్ లెక్కలోకి వచ్చే మూడేళ్లలో పదకొండు నెలలు సెలవులోనే ఉన్నాను. రెండో కాన్పుకి ఆరు నెలలు, నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు ఎక్స్‌ట్రార్డినరీ లీవు ఐదు నెలలు. ఆ సెలవుల ఆర్డర్లు చివర్లో ఎక్కడో పెట్టేద్దామనుకున్నా. షాపాయన ఒప్పుకోలేదు. "ఇవే ముందుండాలి మేడం" అంటూ 2018 యూజీసీ రెగ్యులేషన్స్‌లో మొదటి పట్టిక కింది నోట్ తీసి చూపించారు. ఇలాంటి సెలవులను బోధన గ్రేడింగులోంచి తీసేయాలి, మిగిలిన కాలానికి వచ్చిన గ్రేడునే మొత్తానికి వర్తింపజేయాలి. పదిహేనేళ్లుగా ఈ ఫైళ్లు కడుతున్నారట, మా సెక్షన్‌లో ఎవరూ చెప్పని మాట ఆయన చెప్పారు!

అదే నోట్‌లో ఒక మెలిక ఉంది. సెలవుకి ముందస్తు అనుమతి ఉండాలి. నాన్న అర్ధరాత్రి పడిపోయారు, నా ఆర్డరేమో పంతొమ్మిది రోజుల తర్వాతి తేదీతో ఉంది. దాన్ని కనిపెట్టింది కూడా ఆయనే. హాస్పిటల్ నుంచి సెలవు కోసం నేను పంపిన మెయిల్ ప్రింటు తీయించి ఆర్డరు మీద పెట్టారు.

రీసెర్చి పేపర్ల దగ్గర మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఆ మూడేళ్లలోనే మూడు ఉండాలి, సెలవులు తీసేసి లెక్కకట్టే వీలు అక్కడ లేదు. నాది బోటనీ, టిష్యూ కల్చర్, అంటే మొక్కల కణజాలాన్ని ల్యాబులో పెంచడం. మూడు నాలుగు వారాలకోసారి కొత్త పోషకాల మీడియంలోకి మార్చకపోతే కల్చర్లు చచ్చిపోతాయి. తిరిగొచ్చి మళ్లీ విత్తనం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆ ఏడాది పనికి ఫారంలో గడి లేదు. మూడో పేపరు నాన్న మంచం పక్కన ఫోన్లో టైప్ చేశాను, సరిగ్గా మూడయ్యాయి. నాలుగోది ఉందా అని కమిటీలో అడుగుతారేమోనని ఇప్పటికీ టెన్షనే.

ఇక షాపు సంగతి. టైపింగులో తెలుగు పేర్లు తప్పులు పోతాయి, ప్రూఫు మీరే చూసుకోవాలి. స్టారు తగ్గించింది అందుకే. మూడో సెట్టుకి స్పైరల్ ఊడితే మళ్లీ ఊరికే వేసిచ్చారు. సాయంత్రాలు వెళ్లకండి, పీహెచ్‌డీ పిల్లల క్యూ గేటు దాకా ఉంటుంది.