ఎల్‌వ్యాడ్ పంపు ఉన్నవారికి అయోర్టిక్ కవాటం కారుతుంటే ఏది మేలు?

ఎల్‌వ్యాడ్ అంటే బలహీనపడిన గుండెకు తోడుగా లోపల పెట్టే పంపు. అది పెట్టించుకున్న మనిషికి మళ్లీ ఆయాసం, కాళ్ల వాపు మొదలవుతాయి. మానిటర్ మాత్రం నిమిషానికి ఆరు లీటర్లు పారుతున్నట్టే చూపిస్తుంది. అక్కడే అనుమానపడాలి. పంపు ఎడమ జఠరిక కొననుంచి రక్తం తోడి అయోర్టాలో, అంటే ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళంలో, పోస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్న అయోర్టిక్ కవాటం కారితే అందులో కొంత వెనక్కి జారుతుంది, పంపు మళ్లీ దాన్నే తోడుతుంది. అంకె బాగుంటుంది, ఒంటికి చేరేది తగ్గుతుంది. నెలల తరబడి తెరుచుకోని కవాటం రెక్కలు అంచుల్లో అతుక్కుపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం లీకు సంగతి వేరు, పంపు పనిచేసేకొద్దీ చాలామందిలో అదే తగ్గుతుంది.

ముందు చేయాల్సింది బీపీ అదుపు. సగటు పీడనం 75–90 మధ్య ఉండాలి. నాడి సరిగా అందదు గనక మామూలు మిషన్‌ను నమ్మకూడదు, అల్ట్రాసౌండ్‌తో రక్తం పారే చప్పుడు పట్టే డాప్లర్‌తో చూడాలి. ఒంట్లో నీరు దిగే మందులిస్తూ, ఎకోలో (గుండె స్కాన్) చూస్తూ పంపు వేగాన్ని కొంచెం కొంచెంగా తగ్గించి కవాటం అప్పుడప్పుడైనా తెరుచుకునేలా చేస్తారు. మరీ తగ్గిస్తే పాత హార్ట్ ఫెయిల్యూర్ తిరిగొస్తుంది. ఒడిశాలోని బరంపురంలో ఎకో తీయించుకోవచ్చు గానీ, వేగం మార్చడం పంపు పెట్టిన కేంద్రం వాళ్ల పని. పర్లాకిమిడి, రాయగడ వాళ్లకు ఆ ప్రయాణం తప్పదు.

అప్పటికీ లొంగకపోతే మళ్లీ ఛాతీ తెరవడం ఒక దారి. ఒకసారి కోసిన చోట అతుకులుంటాయి, రక్తస్రావం ఎక్కువ. అందుకే చాలామందికి తొడ రక్తనాళం గుండా చేసే పనే మిగులుతుంది. అందులో రెండు రకాలు. బిరడాలాంటి పరికరంతో కవాటాన్ని మూసేయడం మొదటిది. లీకు కడుతుంది, కానీ ఎర్రకణాలు చితకవచ్చు. అసలు భయం వేరే: పంపు ఆగితే రక్తం బయటికి పోయే దారే ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు గజపతి జిల్లా కరెంటు ఎలా పోయిందో గుర్తున్నవాళ్లు దీనికి ఒప్పుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. హార్ట్‌మేట్ 3 అనే రకం పంపు బ్యాటరీ జత నిండుగా ఉన్నా 17 గంటలకు మించి రాదు.

రెండోది టావీ, అంటే కొత్త కవాటం. దారి తెరిచే ఉంటుంది గనక మా మొగ్గు దీనివైపే. చిక్కేమిటంటే, ఈ కవాటాల్లో సున్నం పేరుకోదు, పట్టు దొరకదు. కొత్త కవాటం జఠరికలోకి జారిపోవచ్చు, చుట్టూ సందు మిగలవచ్చు. అందుకే కొంచెం పెద్ద సైజు ఎంచుతారు. సహజ రెక్కలను క్లిప్పుల్లా పట్టుకునే జెనావాల్వ్ ట్రిలజీ అనే కవాటం లీకు కోసమే తయారైంది. అది మీ కేంద్రంలో దొరుకుతుందా అని అడగండి.

పంపు ఇంకా పెట్టించుకోనివాళ్లు మాత్రం లీకు ఎంతుందో ముందే తేల్చుకోవాలి. మధ్యస్థాయికి చేరితే అదే ఆపరేషన్‌లో రెక్కల నడుమ కుట్టు వేయించుకోవడమో, జంతు కణజాలంతో చేసిన టిష్యూ కవాటం పెట్టించుకోవడమో మేలు. లోహపు కవాటం వద్దు: ప్రవాహం తక్కువైన చోట దానిమీద గడ్డ కడుతుంది.