దెయ్యం కథల సంకలనం: వెయ్యి కాపీలా, వందా?

విజయవాడ సూర్యారావుపేటలో రెండు గదులు, ఒక కంప్యూటరు, నేను, మా బావమరిది. మా ప్రచురణ సంస్థ మొత్తం ఇంతే. ఇప్పటికి మూడు దెయ్యం కథల సంకలనాలు వేశాం. మొదటిది ఆఫ్‌సెట్‌లో వెయ్యి కాపీలు, మూడోది డిజిటల్‌లో వంద. మధ్యలోది ఐదొందలు వేశాం, దానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. మాలాగే ఈ పనిలోకి దిగుదామనుకునేవాళ్లు ముందు అడిగేది 'ఎన్ని వేయించాలి' అనే.

ఆఫ్‌సెట్‌లో అచ్చు వేసే ముందు పేజీలకు ప్లేట్లు చేయించాలి, ఆ ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. డిజిటల్‌కు ప్లేట్లే అక్కర్లేదు. డెమీ సైజులో 176 పేజీలంటే, ఫారానికి 16 పేజీల చొప్పున 11 ఫారాలు. మా ప్రెస్సాయన "ప్లేట్లకు ఎలాగూ పెడుతున్నారు, ఇంకాస్త కాగితం వేసుకుంటే వెయ్యి అవుతాయి కదండీ" అన్నాడు. ఆ మాటకు పడనివాళ్లు తక్కువ. కాపీ 75 రూపాయలకు వచ్చింది. అదే పుస్తకం డిజిటల్‌లో 140.

పుస్తకం ధర 200. ఏలూరు రోడ్డు షాపులకు 40 శాతం వదిలేస్తే చేతికి వచ్చేది 120. అంటే 75కి వేయిస్తే 45 మిగులుతుంది, 140కి వేయిస్తే 20 ఎదురు పెట్టుకోవాల్సి వస్తుంది. ఈ లెక్క చూసే వెయ్యికి ఊఁ అన్నాను. అమ్ముడుపోని కాపీల లెక్క మాత్రం వేసుకోలేదు. రెండేళ్లలో అమ్ముడుపోయినవి 380. పెట్టిన 75 వేలను వాటితో భాగిస్తే ఒక్కో కాపీ 197 పడింది.

ఇరవై ఒక్కమంది రచయితలు ఉన్నారు, ఒక్కొక్కరు పదేసి అమ్మిపెట్టినా రెండొందలు పోతాయి కదా అని మా ధీమా. జరిగింది వేరు. ఒక్కొక్కరికి రెండు కాపీలు ఊరికే ఇచ్చాం. ఒకటి బీరువాలోకి వెళ్లింది, రెండోదాన్ని చుట్టాలంతా వంతులేసుకుని చదివారు. కథ బాగుందని ఫోన్లు మాత్రం చాలా వచ్చాయి.

మిగిలిన కట్టల్ని సింగ్‌నగర్‌లో మా పిన్నిగారింట్లో కింద గదిలో పెట్టాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద వచ్చింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే కింది వరస కట్టలు బురదలో గట్టిగా అతుక్కుపోయి ఇటుకల్లా ఉన్నాయి. పై వరస తడవలేదు గానీ చెమ్మకు ఉబ్బి, అట్ట మీది లామినేషన్ బుడగలు తేలింది. అలాంటివి ఓ నలభై ఏరి జనవరిలో పుస్తక మహోత్సవంలో సగం ధరకు పెట్టాం. ఒక కాలేజీ కుర్రాడు ఒకటి తిరగేసి, "కావాలనే ఇలా చేయించారాండీ?" అన్నాడు. అవునన్నాను. కొన్నాడు.

స్టాకు బరువు ఇప్పుడు ఇంకా పెరిగింది. పుస్తకం మీద జీఎస్టీ లేదు, కాగితం మీద ఉంది. 2025 సెప్టెంబరులో అది 12 నుంచి 18 శాతమైంది. పుస్తకం మీద పన్ను లేదు కాబట్టి కాగితానికి కట్టింది తిరిగి రాదు. కట్టల్లో పడి ఉన్న ప్రతి కాపీలో ఆ పన్ను కూడా ఇరుక్కుని ఉంటుంది.

డిజిటల్‌కూ తిప్పలున్నాయి. దెయ్యం పుస్తకం అంటే ఆర్టిస్టులకు నల్ల అట్ట తప్ప ఇంకోటి తోచదు. డిజిటల్‌లో ఆ నలుపు వెన్ను మడత దగ్గర పగిలి తెల్లగీత పడింది. నాలుగోదానికి ముదురు ఆకుపచ్చ అనుకుంటున్నాం. ఇక 140కి వేయించి షాపుల్లో పెట్టడం కుదరదు, నేరుగా పాఠకుడికి పంపాల్సిందే. పుస్తకాలు చవగ్గా పంపే పాత బుక్ పోస్ట్‌ను తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసినప్పుడు చేతులు విరిగినట్టయింది. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద 176 పేజీలు ప్యాకింగుతో కలిపినా అందులోపే తూగుతాయి. ఇప్పుడు కథల్ని తూకం చూసి ఎంచుతున్నామని మా బావమరిది వెక్కిరింపు. అందులో కొంత నిజముంది.

కథల విషయానికొస్తే, మొదటి సంకలనానికి అందరినీ పంపమన్నాం, మూడోదానికి అడిగి రాయించుకున్నాం. అందరినీ పిలిస్తే 140 కథలు వచ్చాయి. చివరి బస్సు దిగినవాడికి దారి చూపించిన ముసలామె పదేళ్ల కిందటే చనిపోయిందని తెలియడం, అందులో సగానికి ఇదే కథ. బస్సు బందరుదా, నూజివీడుదా అన్నదే తేడా. చదివి చదివి, రాత్రిపూట దారి అడగాలన్నా నాకు నవ్వొచ్చేది.

అడిగి రాయించుకునేటప్పుడు దెయ్యం ఊసే ఎత్తలేదు. 'మీరు పనిచేసే చోట రాత్రి ఎలా ఉంటుందో రాయండి' అన్నాం. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా చేసినాయన ఒకరు రాసి పంపారు. రోజూ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెడితే ఒకటి ఎక్కువ వస్తుంటుంది. లెక్కల పుస్తకంలో ఉన్నదే కరెక్టని కథలోని గుమస్తా ఊరుకుంటాడు. ఒకరోజు సరిగ్గా సరిపోతాయి. తలుపు లోపలివైపు నుంచి గడియ పడుతుంది. కథలో దెయ్యం అన్న మాటే లేదు. చలి, ఘాటు, గోతాం వాసన, అంతే. మూడు సంకలనాల్లో నేను భయపడింది దానికొక్కదానికే.

అయితే అడిగి రాయించుకుంటే మొహమాటం మెడకు చుట్టుకుంటుంది. బాగాలేదని స్నేహితుడికి చెప్పలేక ఒక కథ వేసుకున్నాం. అది ఏదో చెప్పను, చదివినవాళ్లకు తెలుసు. పైగా మనకు తెలిసిన పదిమందే మళ్లీ మళ్లీ వస్తారు. బహిరంగంగా పిలిచినప్పుడు దొరికిన తెనాలి అమ్మాయి మాకు ఇంకో దారిలో దొరికేది కాదు. అందుకే నా ఓటు అడిగి రాయించుకోవడానికే అయినా, రెండు చోట్లు కొత్తవాళ్లకు ఖాళీగా ఉంచుతాను.

రచయితలకు డబ్బివ్వాలా, కాపీలిస్తే సరిపోతుందా అంటే, డబ్బివ్వాలి. వెయ్యి రూపాయలిచ్చాక 'ముగింపు మార్చండి' అని అడగడానికి నోరొస్తుంది. అనుమతి మాత్రం వాట్సాప్‌లో 'ఓకే' అనిపించుకుని వదిలేయొద్దు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా సంతకంతో ఉండాలి. గడువు రాసుకోకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాసుకోకపోతే భారతదేశం వరకే. మా మొదటి పుస్తకంలో కథను ఒక ఆడియో సంస్థ అడిగినప్పుడు ఆ హక్కు మాదో రచయితదో తేల్చుకోలేక నెల రోజులు మాటల్లేకుండా గడిపాం. ఇప్పుడు ఒప్పందం ఒకటే పేజీ, తెలుగులోనే. అచ్చు హక్కు మాకు మూడేళ్లు, ఆడియో, సినిమా రచయితవే.

నాలుగోది ఎనిమిది కథలు, 144 పేజీలు, డిజిటల్‌లో 120 కాపీలు. సంక్రాంతిలోపు అవి అయిపోతే ఆఫ్‌సెట్‌లో 500 వేస్తాం. ప్రెస్సాయన అప్పుడే ఫోన్ చేసి వెయ్యి అంటున్నాడు.